ఖాళీ రివాల్వర్ పెట్టె దొరికితే అది ఫ్యాక్టరీదేనా, ఏ తుపాకీది అని ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగింది ఇది: అమెరికాలో ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామానంతా అమ్మే చోట) రెండు ఖాళీ చెక్కపెట్టెలు కొన్నారు. ఒకటి మహాగని, లోపల నీలం మఖమల్, స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకీల కంపెనీది అని చెప్పి ఇచ్చారు. రెండోది ఓక్, లోపల ఆకుపచ్చ బనాతు (మందపాటి ఉన్ని గుడ్డ), మూత లోపల ఇంకో తుపాకీల కంపెనీ కోల్ట్ పేరుతో కాగితం లేబుల్. ఇవి అసలువేనా, ఏ రివాల్వర్లకి చెందినవి, హైదరాబాద్ తీసుకెళ్లవచ్చా అని.

లేబుల్‌తో మొదలుపెట్టకండి. లేబుల్‌ని ఎవరైనా అచ్చు వేయించగలరు. ఏళ్ల తరబడి ఒకే తుపాకీ పడుకున్న గుడ్డ మీద పడే ఒత్తుడు గుర్తుని తయారుచేయడం మాత్రం చాలా కష్టం. అందుకే ముందు తుపాకీ పడుకునే గాడి కొలవండి.

మహాగని పెట్టె సంగతి. రివాల్వర్ బ్యారెల్ (గొట్టం) పొడవుని సిలిండర్ (తూటాలు పట్టే తిరిగే భాగం) ముందు అంచు నుంచి గొట్టం కొస వరకు కొలుస్తారు. కాబట్టి గాడిలో సిలిండర్ కోసం వెడల్పు చేసిన గుంట ముందు అంచు నుంచి కొస దాకా టేపు పెట్టండి. సుమారు 102 మి.మీ. వస్తే 4 అంగుళాలది, 165 వస్తే 6.5 అంగుళాలది, 213 వస్తే 8 3/8 అంగుళాలది. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ .44 మాగ్నమ్ (తర్వాత మోడల్ 29 అయినది) ఈ మూడు పొడవుల్లోనూ వచ్చింది. 1979లో 6.5 తీసేసి 6 అంగుళాలు పెట్టారు. కొత్తవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. 6 అంగుళాల తుపాకీ 6.5 గాడిలో హాయిగా పడుకుంటుంది కాబట్టి "చక్కగా పట్టింది" అన్నది రుజువు కాదు. గొట్టం కొస తాలూకు నీడ, అంటే గుడ్డ మీద అణిగిన గుర్తు, ఎక్కడ ఆగిందో చూడండి. గాడి చివర 12, 13 మి.మీ. మఖమల్ కొత్తగా, నూగు నిటారుగా ఉండి, దాని వెనక నూగు అణిగి ఉంటే అందులో ఎక్కువ కాలం ఉన్నది పొట్టి బ్యారెల్ తుపాకీయే.

నీడ చదవడానికి గది చీకటి చేసి టార్చిని పెట్టె అంచుకి దాదాపు ఆనించి, ఏటవాలుగా వెయ్యండి. ముందు సైటు (గురి చూసే ముక్క) గీసిన సన్నటి చాలు, సిలిండర్ అంచుల గుండ్రటి ఒత్తుళ్లు, హ్యామర్ (వెనక ఉండే సుత్తి) మొన తగిలిన చోటు, పిడి కింద నూనె మరక కనిపించాలి. మూత లోపలి మెత్త మీద కూడా వాటికి సరిగ్గా ఎదురుగా మచ్చలు ఉండాలి. కింద అరిగి మీద అరగకపోతే మూతకి గుడ్డ మార్చారనే అనుకోండి.

తర్వాత కాలం. స్మిత్ అండ్ వెసన్ .44 మాగ్నమ్ జనంలోకి వచ్చింది 1956లో. తొలి ఏళ్ల తుపాకులు నల్లటి తొడుగు వేసిన పెట్టెల్లో వెళ్లాయి, మహాగని ఆ తర్వాతిది. 1956 నాటి తుపాకీని మహాగని పెట్టెలో పెట్టి "ఒరిజినల్ సెట్" అంటే నేను ఒప్పుకోను. మోడల్ నంబర్లు మొదలైంది 1957లో కాబట్టి, లేబుల్ మీద "మోడల్ 29" అని ఉంటే అది దానికి ముందుది కాదు. లోపల కరపత్రాలు ఉంటే అవి ఇంకా బాగా సాక్ష్యం చెబుతాయి. చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఉంటే 1963 తర్వాతిది, బ్యాంగర్ పుంటా పేరు ఉంటే 1960ల మధ్య నుంచి 1984 వరకు స్మిత్ అండ్ వెసన్ ఆ కంపెనీ చేతిలో ఉన్న కాలానిది. పెట్టె ఒక కాలం, కాగితం ఇంకో కాలం అయితే ఎవరో తర్వాత జతచేశారు.

పెట్టెతోపాటు స్క్రూడ్రైవర్, తుడిచే కడ్డీ, దాని కొసలు ఉండాలి. వాటి అరలు ఖాళీగా ఉంటే విడిగా కొనడం పెద్ద కష్టం కాదు. దొరకనిది బయటి అట్టపెట్టె. చెక్కపెట్టెని ఫ్యాక్టరీ అట్టపెట్టెలో పెట్టి పంపేది, తుపాకీ వివరాలున్న లేబుల్ దాని చివర మీదే ఉండేది. చాలామంది దాన్ని ఆ రోజే పారేశారు. అందుకే సీరియల్ నంబరు కలిసే అట్టపెట్టె చెక్కపెట్టె కన్నా విలువైన సాక్ష్యం. మామూలు అట్టపెట్టెల్లో అయితే కింది భాగం అడుగున పెన్సిల్‌తో చేత్తో నంబరు రాసేవారు, దాన్ని దయచేసి తుడవకండి. తుపాకీ కూడా దొరికితే స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి ధ్రువీకరణ లేఖ తెప్పించుకోండి. అది ఎప్పుడు, ఎవరికి పంపారో చెబుతుంది.

ఓక్ పెట్టె విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఓక్, ఆకుపచ్చ బనాతు, నిలువు అడ్డం చెక్కలతో చేసిన అరలు ఇంగ్లండ్ పద్ధతి. కంపెనీ పెట్టిన శామ్యూల్ కోల్ట్ లండన్‌లోని పిమ్లికోలో 1853 నుంచి 1856 వరకు ఫ్యాక్టరీ నడిపాడు. కానీ అక్కడి తుపాకీ వ్యాపారులూ తమ పెట్టెల్లో పెట్టి అమ్మేవారు. కాబట్టి "ఫ్యాక్టరీ పెట్టె" అన్న మాట 19వ శతాబ్దానికి అంత గట్టిగా వర్తించదు, "ఆ కాలపు పెట్టె" అనిపించుకుంటే చాలు. ఇక్కడ కూడా కొలతే దారి. కోల్ట్ మోడళ్లలో 1851 నేవీ బ్యారెల్ 7.5 అంగుళాలు, మొత్తం పొడవు 13 అంగుళాల దాకా. 1860 ఆర్మీ బ్యారెల్ 8. 1849 పాకెట్ 3 నుంచి 6 వరకు. మిగతా అరలు తుపాకీ మందు పోసుకునే బుర్రకీ, తూటాల అచ్చుకీ, క్యాప్‌ల (మందుని అంటించే చిన్న టోపీల) డబ్బాకీ, ఎల్ ఆకారపు పనిముట్టుకీ. ఒక్కో వస్తువు తన అరలో వదులు లేకుండా, ఇరుక్కోకుండా కూర్చోవాలి.

దీనికి నకిలీలు చాలా ఎక్కువ, పాత కత్తులపెట్టెలకీ రాతపెట్టెలకీ అరలు వేసి అమ్ముతుంటారు. బనాతు చిరిగిన మూల నుంచి ఒక్క పోగు లాగి కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద నలుగుతుంది, కృత్రిమ దారమైతే కరిగి గట్టి పూస అవుతుంది. అరల కింద బంక చూడండి. పాతది తోలు, ఎముకలు మరగబెట్టి తీసిన తేనెరంగు బంక, పెళుసుగా విరుగుతుంది. తెల్లగా, సాగుతూ ఉంటే ఫెవికాల్ జాతిది. బందుల స్క్రూకి ప్లస్ గాడి ఉంటే అది 1930ల తర్వాత వచ్చినది. లేబుల్ మీద 365 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) టార్చి వెయ్యండి. నీలితెలుపుగా మెరిస్తే కాగితంలో మెరుపు రసాయనం ఉన్నట్టు, అది 20వ శతాబ్దం మధ్య నుంచే వాడుకలోకి వచ్చింది. మెరవలేదు కదా అని అసలుదని నమ్మకండి, పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద అచ్చు వేసేవాళ్లున్నారు. సబ్బుపొడితో ఉతికిన గుడ్డతో తుడిచినా అక్కడక్కడా నూగు మెరుస్తుంది, కంగారుపడకండి.

పాలిష్ చేయించవద్దు. ఆ కాలపు పూత చాలావరకు లక్కని స్పిరిట్‌లో కరిగించినది. అడుగున కనిపించని చోట స్పిరిట్ అద్దిన దూది పుల్ల తాకిస్తే జిగటగా అవుతుంది. దాని మీద కొత్త వార్నిష్ కొడితే పెట్టె వయసుని మీ చేత్తోనే చెరిపేసినట్టు.

తుపాకీని పెట్టెలో ఏళ్ల తరబడి ఉంచవద్దు. మఖమల్, బనాతు చెమ్మ పట్టి ఉంచుతాయి, తుపాకీ ఉక్కు మీది నీలిపూత కింద తుప్పు మచ్చలు లేస్తాయి. ఓక్ చెక్క వదిలే ఆమ్లపు ఆవిరి సీసం లోహాన్ని తింటుంది, అందులో పాత తూటాలు ఉంచితే తెల్లటి పొడి రాలుతుంది. గదిలో తేమ 45, 50 శాతం మధ్య ఉండాలి. బనాతుకి పురుగు పడితే కలరా ఉండలు వెయ్యకండి. విప్పి తీయగలిగిన గుడ్డని పాలిథీన్‌లో గట్టిగా చుట్టి -18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టి, బయటికి తీశాక ఒక రోజు చుట్టు విప్పకుండా ఉంచండి.

హైదరాబాద్ ప్రయాణం గురించి: ఖాళీ చెక్కపెట్టె ఆయుధం కాదు. కానీ 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ నిర్వచనంలోకి దాని విడిభాగాలూ, మందుగుండు నిర్వచనంలోకి దాని తయారీ సాధనాలూ వస్తాయి. అందుకని అదనపు సిలిండర్, క్యాప్‌లు, తూటాలు లోపల ఉంటే అక్కడే వదిలేయండి. తూటాల అచ్చుని కూడా కస్టమ్స్‌ని రాతపూర్వకంగా అడగకుండా తేకండి. పెట్టె మీద తుపాకీ కంపెనీ పేరు చూసి తనిఖీ దగ్గర ఆపవచ్చు, కొన్న రసీదు పెట్టెతోనే ఉంచుకోండి.

రెండు గాడుల కొలతలు, ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటోలు, ఓక్ పెట్టె బందుల స్క్రూల దగ్గరి ఫోటో ఇక్కడ పెట్టండి. ఆ మూడూ చూస్తే ఓక్ పెట్టె గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.