గోదావరి గట్టు బంగళా గోడల పెచ్చులకు సున్నమే మందు

రాజమండ్రి గోదావరి గట్టున పాత బంగళాను లాడ్జిగా మారుస్తుంటే, కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ నేల నుంచి మూడడుగుల దాకా పెచ్చులూడుతోందన్నారు. దయచేసి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించకండి. సున్నంతో కట్టిన ఇటుక గోడ నేలలోని చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, లోపలి ఉప్పు పొంగి పూతను తోసేస్తుంది.

తడి మరకకు ఒక అడుగు పైదాకా సిమెంటు చెక్కించండి. ఇటుకల సందులు 20 మిల్లీమీటర్ల లోతున గీకించి, ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఒక వేసవంతా ఆరనివ్వండి, తొందరపడితే పని మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత నానిన సున్నపు ముద్ద ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు కలిపి కొత్త పూత వేయించండి. ఒక్కో పూత 10 మిల్లీమీటర్లు మించకూడదు. వారం పాటు తడి గోనెలు కప్పండి. పైన వెల్లసున్నమే, ఎమల్షన్ వద్దు.

కొత్త బాత్రూంల పైపులను మాత్రం పాత గోడల్లో గాడి కొట్టి దించకండి, బయటే క్లాంపులతో నడపండి.