త్రీనాట్ త్రీకి స్కోపు బిగించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు ఒకటికి రెండుసార్లు చూశాను. బట్ చెక్క దూరే ఇనుప గూడు (బట్ సాకెట్) మీద కిరీటం, దాని కింద జార్జి చక్రవర్తి ముద్ర జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు, బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు, 1943 అన్న సంవత్సరం చక్కగా కనిపిస్తున్నాయి. మన పోలీసుల ఆయుధాగారం బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ముప్పై ఏళ్ల పాటు నా చేతుల్లో నలిగిన నంబర్ వన్ మార్క్ త్రీ రైఫిల్, అదే .303 బోరు త్రీనాట్ త్రీ, ఇప్పుడు టెక్సాస్‌లో నీ బల్ల మీద ఉండడం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం దిగులూ వేసింది. ఇక్కడ సామాన్యుడి చేతికి ఈ బోరు ఇవ్వరు కనుకనే అదే ఇషాపూర్‌లో .315 రైఫిల్ తయారుచేసి లైసెన్సుదారులకు అమ్మారు. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో త్రీనాట్ త్రీకి లాంఛనంగా వీడ్కోలే పలికారు.

దానికి ఏ స్కోపు (గురి చూసే దుర్భిణి) కొనాలని అడిగావు. ఆ ప్రశ్నకు జవాబు ఈ ఉత్తరం చివర్లో చెబుతాను, ఎందుకంటే అరిగిన బ్యారెల్ మీద ఎంత ఖరీదైన స్కోపు పెట్టినా, గుండు ఎంత దూరంగా పడిందో స్పష్టంగా చూపించడం తప్ప అది చేయగలిగేది లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు స్నైపర్ రైఫిళ్లను సిద్ధం చేసినప్పుడు కూడా, ముందు గురి తప్పకుండా కాలుతున్న నంబర్ ఫోర్ (నీ నంబర్ వన్ తరువాతి నమూనా) రైఫిళ్లను ఏరి, ఆ తరువాతే హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపి స్కోపు బిగించేవారు. ఏ రైఫిలుకు ఏ స్కోపో ఆ నంబరు బట్ మీదే కొట్టేవారు.

ముందుగా మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకో. పని జరిగే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తరువాత ముద్రలు చదువు. డి.పి. అన్న అక్షరాలు ఎక్కడైనా కనిపిస్తే అది డ్రిల్లుకు మాత్రమే కేటాయించిన రైఫిల్, దానిని కాల్చకూడదు, గోడకు తగిలించుకోవడమే. పోలీసుల కోసం .410 బోరుకు మార్చిన మస్కెట్లు కూడా ఇషాపూర్ నుంచి చాలానే వచ్చాయి. బ్యారెల్ లోపల గాడులు లేకుండా నున్నగా ఉంటే అది ఆ జాతిదే. నీ ఫొటోల్లో ముందు చెక్కకు అడ్డంగా కనిపించిన స్క్రూ గురించి మాత్రం కంగారు పడకు. చెక్క చీలకుండా ఇషాపూర్ వారు వేసిన కట్టు అది, లోపం కాదు.

బోల్ట్ మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా చూడు. ఈ రైఫిలులో బోల్ట్‌ను పట్టి ఉంచే లగ్గులు వెనక భాగంలో ఉంటాయి, ఆ రెండూ సమానంగా ఆనేటట్టు ఏ బోల్ట్‌ను ఆ బాడీకే అమర్చారు. నంబర్లు కలవకపోతే అది ఎక్కడో బోల్టుల రాశిలోంచి తెచ్చి వేసినదని అర్థం, అప్పుడు గన్‌స్మిత్ చూసేదాకా పేల్చవద్దు. నంబర్లు కలిసినా హెడ్‌స్పేస్ మాత్రం గేజితో చూపించుకోవలసిందే. త్రీనాట్ త్రీ తూటా తన వెనక అంచు మీద ఆనుతుంది. ఆ అంచు ఆనే బ్యారెల్ వెనక ముఖానికి, బోల్ట్ ముఖానికి మధ్య దూరమే హెడ్‌స్పేస్. దానిని సైనిక గేజిలు 0.064 అంగుళం, 0.074 అంగుళం అనే రెండు హద్దులతో కొలుస్తాయి. మొదటి గేజి మీద బోల్ట్ మూసుకోవాలి, రెండో దాని మీద మూసుకోకూడదు. నంబర్ ఫోర్ రైఫిలుకు బోల్ట్ హెడ్లు సున్నా నుంచి మూడు వరకు అంకెలతో, పొడవు కొద్దికొద్దిగా పెరుగుతూ వస్తాయి. నీ నంబర్ వన్‌కు ఆ సౌకర్యం లేదు, నాలుగైదు హెడ్లు ముందు వేసుకుని కొలిచి సరిపోయేది ఏరుకోవాలి. మేమూ అలాగే చేసేవాళ్లం.

ఇక బ్యారెల్. దానికి మూడు చోట్ల అరుగుదల వస్తుంది, మూడింటి కారణాలూ వేరు. చాంబర్ ముందు భాగాన్ని తినేది కార్డైట్ మందు. అది చాలా వేడిగా మండుతుంది కనుక గాడుల మొదళ్లు కరిగినట్టు అవుతాయి. మధ్య భాగాన్ని తినేది పాత తూటాల ప్రైమర్ (మందును అంటించే టోపీ) వదిలే ఉప్పు. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీటికే కరుగుతుంది. అందుకే పాతకాలం ఆర్మరర్లు గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసి, ఆరిన తరువాతే నూనె చిందీ లాగేవారు. నువ్వు కూడా సర్‌ప్లస్ తూటాలు కాలిస్తే ఆ రోజే ఈ పని చెయ్యి. మూడోది మజిల్, అంటే బ్యారెల్ మూతి. దానిని పాడుచేసేది తూటా కాదు, బ్యారెల్ తుడవడానికి లోపలి నుంచి లాగే మన పుల్‌త్రూ తాడు. రంగరూట్లు తాడును నిటారుగా లాగక పక్కకు ఒరిపించి లాగుతారు, మురికి పట్టిన ఆ తాడు ఆకురాయిలా మజిల్ అంచును ఒకవైపు కోస్తుంది. ఆ తప్పుకు నేను తిట్టని రంగరూటు లేడు. మందు లేని డ్రిల్ తూటా ఒకటి సంపాదించి, దాని ముక్కును మజిల్‌లో పెట్టి చూడు: గుండు కొంత బయట మిగిలితే మంచిది, కేసు మూతి వచ్చి మజిల్‌కు తగిలితే అక్కడ అరిగిపోయినట్టే. ఇది ముతక పరీక్షే అయినా, అబద్ధం చెప్పడం అరుదు.

మెత్తని సీసపు గుండును బ్యారెల్ గుండా తోసి కొలుస్తానని రాశావు, మంచిదే. కానీ ఈ బ్యారెల్‌కు ఎడమవైపు తిరిగే గాడులు ఐదు. ఐదు బేసి సంఖ్య కనుక ఒక గాడికి ఎదురుగా గట్టు వస్తుంది తప్ప మరో గాడి రాదు, మామూలు మైక్రోమీటరు తక్కువ చూపించి నిన్ను మోసం చేస్తుంది. వి ఆకారపు ఆనిక ఉన్న మైక్రోమీటరు వాడే వారి దగ్గరకు తీసుకువెళ్లు. 0.311 అంగుళం దగ్గర వస్తే సంతోషించు, 0.315 వచ్చినా నిరాశ పడకు. అలాంటి బ్యారెల్‌కు వెనక భాగం చదునుగా ఉన్న 174 గ్రెయిన్ల గుండే సాధారణంగా నప్పుతుంది, వెనక సన్నబడే పడవ తోక గుండు పెడితే చెదరగొడుతుంది.

చెక్క సంగతి చాలామంది మరచిపోతారు. ముందు చెక్క వెనక చివర బాడీని ఆనుకునే రెండు మూలలూ బిగుతుగా ఉండాలి. ఎండిన చెక్క అక్కడ వదులైతే రైఫిల్ ప్రతి దెబ్బకూ వెనక్కి జరుగుతుంది, గుళ్లు ఒకచోట గుంపుగా పడక చెదురుతాయి, మనం స్కోపును తిట్టుకుంటాం. చెక్క విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త: ముందు చెక్క తీయకుండా, బట్‌ను బాడీకి బిగించే బట్ బోల్ట్‌ను ఎన్నడూ తిప్పకు. ఆ బోల్ట్ చివర చదరంగా ఉండి ముందు చెక్కలోని పలకలో కూర్చుని ఉంటుంది, తిప్పితే చెక్కను చీల్చేస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను ఇదే చేశాను. టప్‌మన్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే, ఆ చెక్క ఖరీదు జీతంలో కోసుకున్న సంగతీ గుర్తే.

ఇవన్నీ దాటితే అప్పుడు స్కోపు. బాడీకి డ్రిల్లు పెట్టించి మరలు వేయించమని నీ స్నేహితుడు చెప్పాడన్నావు. వద్దు. ఆ ఉక్కు గట్టిపరచినది, రంధ్రం ఒక వెంట్రుకవాసి పక్కకు పోయినా స్కోపు జీవితాంతం వంకరే, పైగా ఎనభై ఏళ్ల నాటి వస్తువు విలువ ఆ గంటలోనే సగమైపోతుంది. వెనక సైటు ఆకు మేకును తీసి, అదే గద్దె మీద బిగించే మౌంటు దొరుకుతుంది. దాని మీద తక్కువ శక్తి గల, కంటికి తొమ్మిది పది అంగుళాల దూరం నుంచి చూడగలిగే స్కోపు పెట్టు. తీసిన ఆకు, మేకు ఒక డబ్బాలో దాచు, ఎప్పుడు కావాలంటే అప్పుడు రైఫిల్ మళ్లీ పాత రూపానికి వస్తుంది. ఇలా పెడితే చార్జర్‌తో (ఐదు తూటాలు పట్టే రేకు క్లిప్పుతో) పైనుంచి తూటాలు నింపే దారికి అడ్డం రాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దారి మూయకూడదనే ఈ రైఫిలుకు స్కోపును ఎడమ పక్కకు జరిపి బిగించారు. తల పక్కకు వంచి గురి చూడలేక స్నైపర్లు పడిన అవస్థ ఇంతా అంతా కాదు. మౌంటు బ్యారెల్ మీదే ఉంటుంది కనుక వేడెక్కితే గురి కొంచెం కదులుతుంది, ఐదు తూటాలకొకసారి చల్లారనివ్వు.

బిగించాక బోల్ట్ తీసేసి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, వెనక నుంచి బ్యారెల్ లోపలి గుండ్రంలోంచి 25 గజాల దూరంలోని చుక్కను చూడు, అదే చుక్క మీదికి స్కోపు గీతలు తీసుకురా. నూరు గజాల దగ్గర పావు అంగుళం జరిపే క్లిక్కు, 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే జరుపుతుందని మరచిపోకు, లేకపోతే అరపెట్టె తూటాలు వృథా అవుతాయి. ఈ బట్ ఎత్తు ఇనుప సైటుకు సరిపోయేది, స్కోపుకు చెంప ఆనదు. తోలు పట్టీతో కట్టే మెత్త వేసుకో, చెక్కకు మేకులు కొట్టకు.

గేజి పరీక్ష అయ్యి గన్‌స్మిత్ సరేనన్నాక, ఇనుప సైటుతోనే ముందు పది తూటాలు కాల్చు. వాటి ఖాళీ కేసుల్లో ఐదింటిని తుడవకుండా ఉంచి, వెనక అంచుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత (కేసు సాగి అక్కడ తెగబోతోందనే గుర్తు) ఏదైనా పడిందేమో దగ్గరగా ఫొటో తీసి పంపు. స్కోపు డబ్బులు అప్పటిదాకా జేబులోనే ఉంచు.

ఇట్లు,
మామయ్య