పైకప్పు తీసేసిన బండి

తమ్ముడూ,

ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద నువ్వు రాసిన కథ అందింది. యుద్ధం గురించి రాస్తూ ఎక్కడా జెండాలు ఊపలేదు, అందుకు సంతోషం. కానీ మూడో సీన్ దగ్గర ఆగిపోయాను. 1944 ఆగస్టు. బ్రిటిష్ జనరల్ ఒకాయన డైమ్లర్ ఆర్మర్డ్ కారులో (ఉక్కు కవచం తొడిగిన సైనిక బండి) కూర్చుని, సన్నటి కంతలోంచి చూస్తూ ఆర్డర్లు ఇస్తుంటాడు. ఆ వెంటనే కారు బరువు, ఇంజిను, కవచం మందం, అన్నీ ఒక పేరా నిండా. ఆ పేరా ఎక్కడినుంచి దిగిందో చదివేవాడు ఇట్టే పసిగడతాడు. లెక్కలు సరిగ్గానే ఉండొచ్చు. అందులో కూర్చున్న మనిషికి ఎంత ఇరుకుగా ఉందో మాత్రం నీకు పట్టలేదు.

డైమ్లర్ కారు ముగ్గురి కోసం కట్టిన బండి. ముందు డ్రైవరు, పైన టరెట్‌లో, అంటే ఫిరంగి బిగించిన తిరిగే గూడులో, ఇంకో ఇద్దరు. వాళ్ళ మధ్యకి టూ-పౌండర్ ఫిరంగి వెనకభాగం పొడుచుకొచ్చి ఉంటుంది. ఇక అక్కడ మ్యాపు విప్పేదెక్కడ? పెద్ద ఆఫీసరుకి ఆ ఫిరంగితో పనేముంది? ఆయనకి కావాల్సింది మ్యాపుకి చోటు, వైర్‌లెస్ సెట్, నాలుగు వైపులా చూపు, పక్కన ఆగిన బండిలోని వాడితో దిగకుండానే మాట్లాడే వీలు. అందుకే కొన్ని యూనిట్లలో టరెట్‌ని ఎత్తి పక్కన పెట్టేశారు. బండి తేలికైంది, ఎత్తు తగ్గి పొదల చాటున దాక్కోవడం సులువైంది. 'సాన్-ఆఫ్ డైమ్లర్', అంటే పైభాగం కోసేసిన డైమ్లర్, అని సైనికులు ముద్దుగా పిలుచుకున్నారు. డింగో అని ఇద్దరు కూర్చునే చిన్న స్కౌట్ కారు ఉండేది. దానికి మొదట్లో జరిపే పైకప్పు ఉండేది. లోపలున్నవాళ్ళు దాన్ని మూసుకుంటే కదా! మార్క్ 3 వచ్చేసరికి తయారీలోనే కప్పు ఎత్తేశారు.

అమెరికన్లు ఇంకో అడుగు ముందుకేసి ఫ్యాక్టరీలోనే పని కానిచ్చారు. ఎం8 గ్రేహౌండ్ అనే తమ ఆర్మర్డ్ కారు నుంచి టరెట్ తీసేసి, పైన తెరిచి ఉంచి, ఒక రింగు మీద .50 బ్రౌనింగ్ మెషీన్ గన్ బిగిస్తే ఎం20 అయింది. కమాండ్ పనికీ, సామాను మోతకీ అదే. దాని అడుగు రేకు మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లు. మందుపాతర పేలితే కాళ్ళు పోతాయని తెలిసి కుర్రాళ్ళు అడుగున ఇసుక బస్తాలు పరుచుకునేవారు. నీ పేరాలో బరువు, ఇంజిను పోయినా ఫరవాలేదు. బూట్ల కింద ఇసుక బస్తా ఉంటే చాలు.

కప్పు తీసేశాక లోపలికి ఏమేం వస్తాయో రాయి. ఆగస్టులో నార్మండీ రోడ్ల మీద దుమ్ము లేపితే శత్రువు గుళ్ళు కురిపిస్తాడని హెచ్చరిస్తూ బోర్డులు పెట్టారు. మూసిన బండిలో వాడికి ఆ బోర్డు కేవలం ఒక బోర్డు. తెరిచిన బండిలో వాడికి ఆ దుమ్ము పళ్ళ కింద కరకరలాడుతుంది.

జర్మన్ జనరల్ రొమ్మెల్ సంగతి చూడు. 1941 ఏప్రిల్‌లో లిబియాలోని మెకిలీ పడిపోయినప్పుడు (మన 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్ అక్కడే చిక్కుకుంది) జర్మన్లకి బ్రిటిష్ డార్చెస్టర్ కమాండ్ బండ్లు దొరికాయి. పెట్టెలాంటి పెద్ద బండ్లు, అంతా మూసేసి ఉంటాయి. ఒకటి రొమ్మెల్ తీసుకున్నాడు, 'మముత్' అన్నారు దాన్ని. అంత సౌకర్యం చేతిలో ఉన్నా, 1942లో ఆయన ఫొటోల్లో కనిపించేది పైన ఏమీ లేని చిన్న హాఫ్‌ట్రాక్‌లో (ముందు చక్రాలు, వెనక ట్యాంకుకి ఉండే పట్టాలు ఉన్న బండి), 'గ్రైఫ్' అని పక్కన పెద్ద అక్షరాలతో. టోపీ మీద ఎప్పుడూ కనిపించే ఆ గాగుల్స్ కూడా మెకిలీ దోపిడీ సొమ్మే. దుమ్ములోకి తల బయట పెట్టేవాడికే కదా గాగుల్స్ పని. అన్నట్టు, ఆయన్ని మహావీరుణ్ణి చేసి రాసే జబ్బు మనవాళ్ళలోనూ ఉంది. హిట్లర్ కోసం పోరాడిన జనరల్ అని మర్చిపోకు.

1944 జులై 17న నార్మండీలోనే ఆయన వెళ్తున్న పైకప్పు లేని కారు మీద మిత్రరాజ్యాల విమానాలు దాడి చేశాయి. పుర్రె చిట్లింది. అది కవచం లేని కారు, నీ కథలో బండి కాదు. అయినా అందులో వెనక సీట్లో ఒక సైనికుడున్నాడు. ఆకాశం చూస్తూ ఉండటమే అతని డ్యూటీ. జనరల్స్ గురించి అందరూ రాశారు తమ్ముడూ, ఇలాంటివాడి గురించి ఎవరు రాశారు? మెడ నొప్పి పుట్టే దాకా పైకి చూస్తూ, సూర్యుడి వైపు నుంచి వచ్చేదాన్ని పట్టలేక, ఎంత టెన్షన్ పడి ఉంటాడో.

నీ మూడో సీన్‌ని అలాంటివాడి చేతిలో పెట్టు. ఆకాశం చూసేవాడు వద్దనుకుంటే వైర్‌లెస్ ఆపరేటర్ ఉన్నాడు. అతని ముందు నంబర్ 19 సెట్ ఉంటుంది. కెనడాలో రష్యా కోసం కూడా చేసిన సెట్లు కాబట్టి చాలా వాటి మీద ఇంగ్లీషు అక్షరాల పక్కనే రష్యన్ అక్షరాలు. చదవలేని ఆ రాతని రోజంతా చూస్తూ, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తల పైన నిలబడ్డ జనరల్ మోకాళ్ళు మాత్రమే చూసే కుర్రాడు. జనరల్ ఏ నిర్ణయం తీసుకున్నాడో ఆ మోకాళ్ళ కదలికని బట్టి ముందే తెలిసిపోయేంత అలవాటు. సాంకేతిక వివరాల పేరా మొత్తం కొట్టేయి. జనరల్ డైలాగుల్లో సగం తీసేయి, వాటిలో నువ్వే మాట్లాడుతున్నావు.

కొత్తగా రాశాక ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం నా కళ్ళ వల్ల కావడం లేదు.

మీ అన్నయ్య