బూడిద ఇటుకల ప్రాజెక్టు చేసిన అమ్మాయి ముందు ఏం చదవాలి?

ప్రశ్న: మాది పాల్వంచ. చిన్న హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి సివిల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉంది. ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల సన్నని బూడిద) ఇటుకల మీద ప్రాజెక్టు చేసినప్పటి నుంచి ఇదే రంగంలో ముందుకు వెళ్తానంటోంది. ఈసెట్ (డిప్లొమా చేసినవారిని బీటెక్‌లో చేర్చుకునే ప్రవేశ పరీక్ష) రాయించి బీటెక్ చదివించాలా, లేక మా బావమరిది చెబుతున్నట్లు ఇటుకల యూనిట్ పెట్టించాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాం. 2024 ఆగస్టులో మా ఊళ్లోని బొగ్గు విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ పాత కూలింగ్ టవర్లను పడగొట్టడం కళ్లారా చూశాం. బొగ్గే పోతే ఈ బూడిద చదువు ఎందుకు పనికొస్తుంది? ఆ దుమ్ములో పని ఆరోగ్యానికి మంచిదేనా?

జవాబు: మీ అమ్మాయి చేత ఈసెట్ రాయించండి. ఇటుకల యూనిట్ ఆలోచనను పూర్తిగా వదులుకోనక్కరలేదు; అయితే ఆమె బీటెక్ పూర్తిచేసి, కనీసం రెండేళ్లు నాణ్యతా పరీక్షల ప్రయోగశాలలో పనిచేసిన తరువాతే ఆ నిర్ణయం తీసుకోండి. ఆమె ఎంచుకున్నది మంచి విషయం. కానీ ఒక్క ఇటుకకే పరిమితమైతే ఇది చిన్న వ్యాపారంగా మిగిలిపోతుంది. కాంక్రీటు, సిమెంటు, మట్టి, రోడ్డు కట్టలు అన్నింటిలోనూ ఫ్లై యాష్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే జీవితాంతం నిలిచే వృత్తి అవుతుంది.

బాయిలర్‌లో పొడి బొగ్గు మండినప్పుడు అందులోని ఖనిజాలు కరిగి, పొగతో పాటు పైకి లేచి, చల్లబడుతూ గాజు వంటి అతి సన్నని గుండ్రటి రేణువులుగా మారతాయి. అవి చిమ్నీలోకి పోకముందే ఈఎస్పీలు (విద్యుత్ శక్తితో దుమ్మును పట్టే యంత్రాలు) పట్టుకుని హాపర్లలోకి (గరాటు ఆకారపు తొట్లలోకి) దించుతాయి. ఈ సన్నని బూడిదే ఫ్లై యాష్; మొత్తం బూడిదలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఇదే. మిగిలినది బాయిలర్ అడుగున పడే ముతక బూడిద. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. దానివల్ల కాంక్రీటుకు చెప్పుకోదగ్గ బలం రాదు. ఫ్లై యాష్‌లో గాజు రూపంలో ఉన్న సిలికా, అల్యూమినా ఆ కాల్షియం హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపి, సిమెంటు తయారుచేసే బంధక పదార్థం వంటిదాన్నే మరికొంత తయారుచేస్తాయి. దానితో లోపలి సన్నని రంధ్రాలు మూసుకుపోయి, నీరూ క్లోరైడ్లూ చువ్వల దాకా చేరడం కష్టమవుతుంది. కాంక్రీటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి కూడా తగ్గుతుంది. అందుకే పెద్ద పెద్ద ఆనకట్టలు కట్టిన ఇంజినీర్లు దీన్ని చాలా ముందుగానే ఆదరించారు. అమెరికాలోని మోంటానాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యామ్, మన దేశంలో రిహంద్ డ్యామ్, ఆ తరువాత మహారాష్ట్రలో ఘాట్‌ఘర్ డ్యామ్ ఇందుకు ఉదాహరణలు.

ఈ మేలుకు మనం చెల్లించే మూల్యం సమయం. ఈ చర్య నిదానంగా సాగుతుంది కనుక తొలి రోజుల్లో బలం తక్కువగా కనిపిస్తుంది, నీటి క్యూరింగ్ (తడిపి ఉంచడం) ఎక్కువ రోజులు కావాలి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజుల క్యూరింగ్ చెప్పిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456, ఫ్లై యాష్ వంటివి కలిసినప్పుడు కనీసం 10 రోజులు ఉండాలంటుంది. సైట్లలో స్లాబు పోసిన నాలుగో రోజే నీళ్లు ఆపేసి, తరువాత పగుళ్లు వచ్చినప్పుడు తప్పు బూడిద మీదకు నెట్టడం సర్వసాధారణం. ఈ తేడా తెలిసి, మేస్త్రీకి నచ్చజెప్పి, రిజిస్టరులో రాయించగల ఇంజినీరు ప్రతి సైటుకూ కావాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే మీ అమ్మాయి భవిష్యత్తు ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఫ్లై యాష్ ఒకే గుణంతో వచ్చే సరుకు కాదు. ఒకే విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే బూడిద కూడా ఏ గని బొగ్గు వాడారు, బాయిలర్ పూర్తి లోడుతో నడిచిందా సగం లోడుతో నడిచిందా, ఈఎస్పీలో ఏ వరుస హాపర్ నుంచి తీశారు అన్నవాటిని బట్టి మారిపోతుంది. ముందు వరుసలో ముతక రేణువులు, వెనుక వరుసల్లో సన్నవి పడతాయి. నీళ్లతో కలిపి చెరువులోకి పంపిన బూడిదలో అడుగు బూడిద కూడా కలిసిపోతుంది కాబట్టి అది రోడ్డు కట్టలకు, పల్లాలు నింపడానికి పనికొచ్చినా, కాంక్రీటులో సిమెంటుకు బదులు వాడే పొడి బూడిదతో సమానం కాదు. సిమెంటు, కాంక్రీటుల్లో వాడే బూడిదకు ఐఎస్ 3812 మొదటి భాగం హద్దులు పెట్టింది: 45 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేది 34 శాతానికి మించకూడదు, బ్లేన్ సూక్ష్మత (రేణువులు ఎంత సన్నగా ఉన్నాయో చెప్పే కొలత) కిలోకు కనీసం 320 చదరపు మీటర్లు ఉండాలి, కాల్చినప్పుడు కోల్పోయే బరువు 5 శాతానికి మించకూడదు, సున్నంతో చర్య జరిపే శక్తి చదరపు మిల్లీమీటరుకు కనీసం 4.5 న్యూటన్లు ఉండాలి. ఈ అంకెలను ఎవరైనా బట్టీ పట్టగలరు. కాలని బొగ్గు ఎక్కువగా ఉన్న బూడిద వస్తే అది కాంక్రీటులో కలిపే అడ్‌మిక్చర్‌ను (దాని గుణాన్ని మార్చే రసాయనాన్ని) పీల్చేసుకుంటుందని, ప్లాంటు దగ్గర బాగున్న స్లంప్ (పచ్చి కాంక్రీటు జారుడుతనం) సైటు చేరేసరికి పడిపోతే కారణం అక్కడే వెదకాలని తెలియాలంటే మాత్రం ప్రయోగశాలలో చేతులు పెట్టి పనిచేయాలి. గేటు దగ్గర ఆగిన బల్కర్ (పొడి బూడిద తెచ్చే ట్యాంకర్ లారీ) నుంచి నమూనా తీసి, ఈ లోడు తీసుకోవచ్చు, ఇది తిప్పి పంపాలి అని ఆధారంతో చెప్పగలిగే మనిషి కోసమే కంపెనీలు వెదుకుతాయి.

ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయన్నది ఇక్కడి నుంచే అర్థమవుతుంది. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ, సాధారణంగా 30 నుంచి 45 దాకా. దేశంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి 2023-24లో వచ్చిన బూడిద సుమారు 34 కోట్ల టన్నులు. కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరులో మొదటి నోటిఫికేషన్ ఇచ్చి, తరువాత పలుమార్లు సవరించి, 2021 డిసెంబరు 31 నాటి కొత్త నోటిఫికేషన్‌తో బూడిదను నూరు శాతం వినియోగించే బాధ్యతను విద్యుత్ కేంద్రాల మీదే పెట్టింది. లక్ష్యం చేరని బూడిదకు టన్నుకు 1000 రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. అందువల్ల రామగుండం, సింహాద్రి, ఇబ్రహీంపట్నం, ముద్దనూరు, కృష్ణపట్నం, మీ పాల్వంచ వంటి చోట్ల బూడిద వినియోగం అన్నది ప్రత్యేకమైన పనిగా మారింది. రెండో వైపు సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి: ఫ్లై యాష్ ఆధారిత పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉండవచ్చని ఐఎస్ 1489 చెబుతోంది కనుక, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, ఎర్రగుంట్ల, తాండూరు ప్రాంతాల కర్మాగారాలకు దీన్ని పరీక్షించేవారు నిత్యం కావాలి. వీటితో పాటు హైదరాబాదు చుట్టూ ఉన్న రెడీమిక్స్ (ముందే కలిపిన కాంక్రీటు) ప్లాంట్లు, ఎన్ఏబీఎల్ గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రాలు, ఏఏసీ (గాలిబుడగలతో తేలికైన కాంక్రీటు) బ్లాకుల కర్మాగారాలు, జాతీయ రహదారుల కట్టలు వేసే సంస్థలు ఉన్నాయి. తొలి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితురాళ్ల జీతంతో పోటీపడదని ముందే చెప్పడం నా బాధ్యత. ఐదారేళ్ల అనుభవం తరువాత నాణ్యతా విభాగం బాధ్యత చేతికి వచ్చినప్పుడే ఎదుగుదల కనిపిస్తుంది.

చదువు విషయంలో ఈసెట్ ద్వారా బీటెక్ సివిల్ రెండో సంవత్సరంలో చేరడం సరైన దారి. కాలేజీని భవనాలు చూసి కాకుండా ప్రయోగశాల చూసి ఎంచుకోండి. బ్లేన్ పరికరం వాడుకలో ఉందా, క్యూరింగ్ ట్యాంకులో ఈ వారం వేసిన క్యూబులు ఉన్నాయా అని స్వయంగా చూడండి. మన కాలేజీల్లో క్యూబు పరీక్షతోనే పదార్థాల ప్రయోగాలు ముగించేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. బీటెక్ తరువాత ఆసక్తి నిలిస్తే గేట్ రాసి నిర్మాణ పదార్థాలలో గానీ జియోటెక్నికల్ (మట్టి, పునాదుల) విభాగంలో గానీ ఎంటెక్ చేయవచ్చు. ఐఐటీ మద్రాసు, ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ హైదరాబాదు, ఎన్ఐటీ వరంగల్ ఈ దిశలో చూడదగ్గవి. సిమెంటు పరిశ్రమ వైపు వెళ్లదలిస్తే, హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న జాతీయ సిమెంటు, నిర్మాణ పదార్థాల మండలి సిమెంటు సాంకేతికతలో పీజీ డిప్లొమా అందిస్తుంది. ఆ సంస్థకు హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. రసాయన శాస్త్రాన్ని డిప్లొమాతో వదిలేయవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి, ఈ రంగంలో సివిల్ ఇంజినీర్లు వెనుకబడేది అక్కడే.

బావమరిది గారి ఆలోచనను నేను తేలికగా తీసుకోవడం లేదు. కాల్చకుండా ఇటుకలు చేసే పని తెలుగునేలకు కొత్తది కాదు; ఫ్లై యాష్, సున్నం, జిప్సం కలిపి చేసే ఫాల్-జి పద్ధతిని విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అభివృద్ధి చేశారు. బట్టీలో కాల్చే అవసరం లేకపోవడం వల్ల ఆదా అయిన కర్బన ఉద్గారాలకు అంతర్జాతీయ కార్బన్ క్రెడిట్ల పథకంలో కూడా ఆ ఇటుకల యూనిట్లకు చోటు దొరికింది. పొలాల పైమట్టిని ఇటుకల కోసం తవ్వేయడం తగ్గుతుందన్నది మరో మేలు. అయితే యూనిట్లు దెబ్బతినేది యంత్రం దగ్గర కాదు, సున్నం దగ్గర, నీళ్ల దగ్గర, డబ్బు తిరిగే వేగం దగ్గర. నిల్వ ఉన్న సున్నం గాలి తగిలి శక్తి కోల్పోతుంది. అది పరీక్షించకుండా పాత పాళ్లే కలిపితే ఇటుక బలం పడిపోతుంది. ఇటుకకు వారాల తరబడి క్యూరింగ్ కావాలి కనుక పెట్టుబడి ఆవరణలోనే చిక్కుకుపోతుంది, జీతాలు కట్టే తేదీ దగ్గరపడినప్పుడు పచ్చి ఇటుకను అమ్మేయాలన్న ఒత్తిడి వస్తుంది. ఒక్కసారి గోడ పగిలిందన్న పేరు వస్తే చుట్టుపక్కల మేస్త్రీలు మళ్లీ ఆ ఇటుక ముట్టరు. పరీక్షలు చేయడం, ఫలితాన్ని చదవడం వచ్చిన యజమాని ఈ మూడు గండాలనూ దాటగలరు. మీ అమ్మాయిని ముందు చదివించమనడానికి ప్రధాన కారణం ఇదే.

బొగ్గు పోతుందన్న మీ భయానికి ఆధారం ఉంది. 2024 సెప్టెంబరు 30న బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. మన దేశం మాత్రం నికర శూన్య ఉద్గారాలకు 2070ని గడువుగా పెట్టుకుంది. మీ ఊళ్లో పాత టవర్లు కూలినా 800 మెగావాట్ల ఏడో దశ యూనిట్ నడుస్తోంది. నల్లగొండ జిల్లా దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి కేంద్రాన్ని కొత్తగా నిర్మించారు. పైగా దశాబ్దాలుగా చెరువుల్లో పేరుకుపోయిన పాత బూడిదను కూడా పదేళ్లలో వినియోగించాలని 2021 నోటిఫికేషన్ చెబుతోంది కాబట్టి పని చాలాకాలం ఉంటుంది. అయినా ఆమె వృత్తి జీవితం ముప్పై అయిదేళ్లకు పైగా సాగుతుందని గుర్తుంచుకోవాలి. అందుకే ఫ్లై యాష్‌తో పాటు ఉక్కు కర్మాగారాల స్లాగ్ (లోహం కరిగించాక మిగిలే చిట్టెం), కాల్చిన బంకమన్ను వంటి ఇతర పదార్థాలనూ ఆమె నేర్చుకోవాలి. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి కలిపి చేసే ఎల్‌సీ3 సిమెంటు పరిశోధనలో మన ఐఐటీలకు పెద్ద పాత్ర ఉంది, దానికి 2023లో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. సూక్ష్మత, చర్యాశక్తి, నీటి అవసరం, క్యూరింగ్ అనే నాలుగు ప్రశ్నలు వీటన్నింటికీ ఉమ్మడివే.

ఆరోగ్యం గురించి మీరు అడిగినది నిజంగా అడగవలసిన ప్రశ్న. పొడి బూడిదలో ఊపిరితిత్తుల లోపలి దాకా పోగల సన్నని రేణువులు ఉంటాయి, కొంత స్ఫటిక సిలికా కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి రక్షణ లేకుండా సిలికా దుమ్ము పీలిస్తే వచ్చే సిలికోసిస్ ఒకసారి వచ్చాక నయం కాదు. మామూలు గుడ్డ మాస్కు దీనికి చాలదు. ముఖానికి సరిగ్గా అమరే రెస్పిరేటర్ ఇస్తున్నారా, బల్కర్ ఖాళీ చేసేటప్పుడు దుమ్ము పట్టే ఫిల్టర్ సిలో (పొడిని నిల్వచేసే పొడవాటి తొట్టి) మీద పనిచేస్తోందా, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తున్నారా అని ఇంటర్వ్యూలోనే అడగమనండి. సమాధానం చెప్పడానికి తడబడే చోట చేరనక్కరలేదు. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాలు స్వల్పంగా ఉంటాయి. గట్టిపడిన కాంక్రీటులో అవి చాలావరకు బందీ అవుతాయి గానీ, సరైన అడుగుపొర లేని చెరువుల నుంచి భూగర్భజలంలోకి చేరగలవు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ జిల్లాలో బూడిద చెరువు కట్ట తెగి గ్రామస్థుల ప్రాణాలు పోయాయి, పొలాలు మునిగాయి. ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఇంజినీరూ ఈ సంగతి తెలుసుకునే రావాలని నేను బలంగా కోరుకుంటాను, ఎందుకంటే చెరువులోకి పోకుండా గోడలోకో రోడ్డులోకో సక్రమంగా చేరిన ప్రతి లారీ బూడిద ఆ చెరువుల పక్కన బతికే కుటుంబాలకు మేలు చేస్తుంది.

ఈసెట్ సన్నాహంతో పాటు చేయగలిగిన పని ఒకటి ఉంది. డిప్లొమాలో పారిశ్రామిక శిక్షణ ఇంకా మిగిలి ఉంటే, దాన్ని రెడీమిక్స్ ప్లాంటు ప్రయోగశాలలో గానీ సిమెంటు కర్మాగారంలో గానీ చేయించండి. అది పూర్తయి ఉంటే, మీ చుట్టుపక్కల మూడు యూనిట్ల నుంచి బావమరిది గారి చేత ఇటుకలు తెప్పించి, పాలిటెక్నిక్ ప్రయోగశాలలో అధ్యాపకుల అనుమతితో వాటి బలం, నీరు పీల్చే శాతం మీ అమ్మాయి చేత పరీక్ష చేయించండి. తయారైన తేదీ కూడా ప్రతి ఇటుక మీద రాసి ఉంచాలి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు. ఆ ఫలితాలు, ఆ యూనిట్ల అమ్మకం ధర, సున్నం ఎక్కడి నుంచి తెస్తున్నారన్న వివరాలు కలిపి రాస్తే, ఇటుకల వ్యాపారం లెక్కల గురించి మరోసారి విడిగా చర్చించవచ్చు.