ఊహలో దూకడం మంచిదే, ముందు కాలి ఎముక సంగతి చూడాలి

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. 1600 మీటర్ల పరుగు టైముకు వస్తోంది కానీ లాంగ్ జంప్ 3.70 మీటర్లు దాటడం లేదు. కళ్లు మూసుకుని దూకినట్టు ఊహించుకుంటే దూరం పెరుగుతుందని ఒక వీడియోలో చెప్పారు. రోజుకు ఎన్ని నిమిషాలు చేయాలి? పొద్దునా, పడుకునే ముందా? నెల రోజులుగా ఎడమ కాలి ముందు ఎముక నొస్తోంది. పరుగుకు ముందు నొప్పి గోలీ వేసుకుంటే తెలియడం లేదు. నొప్పి లేదని ఊహించుకుంటే అది కూడా తగ్గుతుందా?

జవాబు: చివర్లో రాసిన గోలీ సంగతి చదివాక మిగతాదంతా నాకు వెనక్కి పోయింది. ముందు దాని గురించే చెబుతాను.

కూర్చుని ఎడమ కాలి ముందు ఎముకను మోకాలి కింది నుంచి చీలమండ దాకా బొటనవేలితో ఒత్తుకుంటూ రండి. జానెడు పొడవునా సలుపుతుంటే చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి ఆ ఎముక వెంబడి వచ్చే నొప్పి అయ్యుండొచ్చు. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోటే వేలు పెట్టనివ్వకపోతే, రాత్రి పడుకున్నా నొస్తుంటే, ఆ ఒక్క కాలి మీద గెంతలేకపోతే ఎముకలో సన్న పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఇది ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగెత్తొద్దు, అవసరమైతే డాక్టర్ ఎంఆర్ఐ రాస్తారు. కాలు చూడకుండా ఇందులో ఏదని నేను తేల్చలేను. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగి పెరిగి ఉంటే ఆ మాట కూడా డాక్టర్‌కు చెప్పండి. మన మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేసిందో మీకు తెలియనిది కాదు.

గోలీ నొప్పిని కప్పిపెడుతుంది, పగులును అతికించదు. గత ఏడాది మీ వయసు అబ్బాయి ఒకరు నా దగ్గరికి వచ్చారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలతో ఐదు వారాలు గ్రౌండ్‌కు వెళ్లారు, ఒకరోజు పరుగు మధ్యలో ఎముక పూర్తిగా విరిగింది. చొక్కా జేబులో సగం ఖాళీ అయిన స్ట్రిప్ ఇంకా అలాగే ఉంది. ఆ నోటిఫికేషన్ ఆయనకు పోయింది. పైగా మన ఎండల్లో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ నొప్పి గోలీలు కిడ్నీల మీద దెబ్బ కొట్టొచ్చు. మూత్రం తగ్గినా, టీ డికాషన్ రంగులో వచ్చినా, ముఖం ఉబ్బినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నెల రోజులు డాక్టర్‌కు చూపించకుండా ఉండటమే తప్పు బాబూ, ఇక ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు మీరు అడిగింది. వీడియోలో విన్నది అబద్ధం కాదు. ఒక కదలికను శ్రద్ధగా ఊహించుకుంటే, ఆ కదలికను నడిపించే మెదడు భాగాల్లో చాలావరకు పనిచేస్తాయి. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో కొందరు నాలుగు వారాలు చిటికెన వేలిని గట్టిగా పక్కకు నెడుతున్నట్టు ఊహించుకున్నారు, అంతే. వేలి బలం 22 శాతం పెరిగింది. నిజంగా వ్యాయామం చేసినవాళ్లకు 30 శాతం. ఈత వీరుడు మైకేల్ ఫెల్ప్స్ రేసును ముందే మనసులో ఈదేవారు, అందులో ఏదైనా తేడా జరిగితే ఏం చేయాలో కూడా చూసుకునేవారు. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై రేసులో కళ్లద్దాల్లోకి నీళ్లొచ్చి ఏమీ కనపడకపోయినా, చేతులు ఎన్నిసార్లు వేస్తున్నారో లెక్కపెట్టుకుంటూ వరల్డ్ రికార్డుతో గెలిచారు. అయితే ఊహ ఒక్కటే నిజమైన ప్రాక్టీసుకు సాటి రాదు, రెండూ కలిస్తేనే ఎక్కువ ఫలితం.

రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. పొద్దునైనా రాత్రైనా పర్వాలేదు, నిద్ర మత్తులో మాత్రం వద్దు. మిమ్మల్ని మీరు టీవీలో చూస్తున్నట్టు కాకుండా మీ కళ్లలోంచే చూడండి. రన్నప్‌లో అడుగులు, చివరి రెండు అడుగుల వేగం, పలక మీద పాదం పడ్డ చప్పుడు, మోకాలు పైకి లేవడం, మడమలు ఇసుకలో దిగడం, అన్నీ నిజంగా పట్టే సమయంలోనే జరగాలి. తొందరపెట్టొద్దు, స్లో మోషన్ వద్దు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 4 మీటర్లు పెట్టారు కాబట్టి మీకు తక్కువైంది 30 సెంటీమీటర్లు. ఇది చాలాసార్లు బలం కంటే టేకాఫ్ దగ్గర సరిచేయాల్సిన విషయం, కోచ్‌కు చూపించండి.

నొప్పి లేదని మాత్రం ఊహించుకోవద్దు. ఎముక మీతో మాట్లాడటానికి దానికున్నది ఆ నొప్పి ఒక్కటే.

పరుగు, జంప్ రెండూ ఇవాళే ఆపి ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. పగులే అయితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి పడుతుంది. ఆ రోజుల్లో మీ ఊహ ప్రాక్టీసు బాగా పనికొస్తుంది, కాలు కదపకుండానే జంప్ చేతిలోంచి జారిపోకుండా చూసుకోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న గోలీల స్ట్రిప్, పరుగెత్తే బూట్లు రెండూ తీసుకెళ్లండి.