ట్రిపుల్ఈలో చేరిన మేనకోడలికి

చిన్నీ,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, రాలేదని, ట్రిపుల్ఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, వచ్చిందని మీ ఇంట్లో ఇంకా సంతాపసభ నడుస్తూనే ఉందట కదా, అక్క ఫోన్లో చెప్పింది. బ్రాంచి గొడవ ఇక వదిలెయ్యండి. నేను ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేస్తూ, కొత్తగా వచ్చే బీటెక్ పిల్లల ఇంటర్వ్యూల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను కాబట్టి ఒక్కటి గట్టిగా చెప్పగలను. మా దగ్గరికొచ్చి తిరిగి వెళ్లిపోయే పిల్లల్లో ఎక్కువమందికి మార్కులు బాగానే ఉంటాయి. లేనిదల్లా తమ చేత్తో చేసిన పని. నాలుగేళ్లూ నువ్వు ఈ ఒక్క విషయం మీద కన్నేసి ఉంచు, మిగతావి దాని వెనకే వస్తాయి.

మొదటి ఏడాది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మ్యాథ్స్‌లో సప్లీలు పెట్టుకోకు, సీ లాంగ్వేజ్ కాస్త మనసు పెట్టి నేర్చుకో, అంతే. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు అని ఒక గీత గీస్తాయి. ఆ గీతకి అవతల నిలబడిపోతే నీకు ఎంత తెలిసినా ఎవరూ అడగరు. దాటాక మాత్రం 75 అయినా 85 అయినా నా బోటివాడు పెద్దగా పట్టించుకోడు.

అసలు కథ మెషీన్స్ ల్యాబ్‌లో మొదలవుతుంది. ఒక్కో బ్యాచ్‌లో అయిదారుగురుంటారు, వాళ్లలో ఒకడు కనెక్షన్లు ఇస్తాడు, మిగతావాళ్లు మీటర్ రీడింగులు రాసుకుంటారు, ఆ తర్వాత అందరూ ఒకే రికార్డు చూసి దించేస్తారు. అమ్మాయిల్నైతే దస్తూరీ బాగుంటుందని చెప్పి పుస్తకం ముందే కూర్చోబెడతారు. అక్కడ మొహమాటపడకు. ఈ వారం కనెక్షన్లు నేనిస్తాను, రీడింగులు నువ్వు రాయి అని మొహం మీదే చెప్పు. ఒకసారి తప్పు కనెక్షన్ ఇచ్చి ఫ్యూజ్ పోగొట్టినా పర్వాలేదు, అది ఎందుకు పోయిందో వెతికి పట్టుకున్నాక ఆ సర్క్యూట్ నిన్ను జన్మలో వదలదు. సార్ వచ్చి చూసేదాకా మాత్రం సప్లై వెయ్యకు, ఆ ఒక్కదాంట్లో ధైర్యం చూపించక్కర్లేదు.

మేం అడిగే ప్రశ్నలు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్ కిలోవాట్లలో కాకుండా కేవీఏలో, అంటే వోల్టేజిని కరెంటుతో గుణించిన లెక్కలో, ఎందుకు రాస్తారు అని అడుగుతాం. కాపర్ లాస్, అంటే వైండింగ్ తీగలో వేడిగా పోయేది, కరెంటు మీద, ఐరన్ లాస్, అంటే లోపలి ఇనుప కోర్‌లో పోయేది, వోల్టేజి మీద ఆధారపడతాయి, పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ కేవీఏలో కిలోవాట్ల వంతు, ఎంతున్నా ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడంలో తేడా రాదు, అందుకని. ఇది చాలామంది చెప్తారు, బట్టీ పట్టి వస్తారు కాబట్టి. తర్వాత, మొదట స్టార్ కనెక్షన్‌లో తక్కువ వోల్టేజితో తిప్పి, తర్వాత డెల్టాలో పూర్తి వోల్టేజికి మార్చే స్టార్ డెల్టా స్టార్టర్ పెద్ద మోటారుకి ఎందుకు పెడతారంటే, స్టార్టింగ్ కరెంటు తగ్గించడానికి అంటారు. కరెక్టే, డైరెక్టుగా వేస్తే ఫుల్‌లోడ్ కరెంటుకి అయిదారు రెట్లు లాగే మోటారు, స్టార్‌లో వేస్తే అందులో మూడో వంతే లాగుతుంది. మరి టార్క్, అదే తిప్పే బలం, ఏమవుతుంది అంటే సగం మంది ఆగిపోతారు. అదీ మూడో వంతే అవుతుంది, అందుకే మొదట్నుంచే బరువు మీదున్న మోటారు స్టార్‌లో కదల్లేక మూలుగుతుంది. ఆ మూలుగు ఒక్కసారి చెవులతో విన్నవాళ్లు ఈ జవాబు తడుముకోరు. పుస్తకంలో చదివినవాళ్లకి, దగ్గరుండి విన్నవాళ్లకి తేడా మాకు అరనిమిషంలో తెలిసిపోతుంది.

అందుకే రెండో ఏడాది వేసవి సెలవుల్లో రాజమండ్రిలో మోటార్లు వైండింగ్ చేసే షాపులో కొన్నాళ్లు కూర్చో అంటున్నాను. కాలిపోయిన బోరు మోటారు విప్పి, పాత కాయిల్ తీసి, కొత్తది చుట్టి, వార్నిష్ పోసి, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసేదాకా ప్రతిదీ దగ్గరుండి చూడు. అసలెందుకు కాలిందో అడుగు. సింగిల్ ఫేజింగ్, అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోవడం, ఆ మాటకి అర్థం ఏ క్లాసులోనూ అంత బాగా ఎక్కదు. బావకి కాస్త నామోషీగా ఉంటుంది, కూతుర్ని బీటెక్ చదివిస్తే మెకానిక్ షాపుకి పంపమంటాడేంటి వీడు అనుకుంటాడు, అనుకోనీ.

మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ అంటారు. డబ్బులు కట్టేస్తే వెళ్లకుండానే సర్టిఫికెట్ ఇచ్చే చోట్లున్నాయి, నీ ఫ్రెండ్స్‌లో కూడా కొందరు అవే తెచ్చుకుంటారు. నువ్వు మాత్రం 33 వేల వోల్టుల్ని 11 వేలకి తగ్గించే ఏదో ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లోనో, ప్యానెల్ బోర్డులు చేసే చిన్న కంపెనీలోనో నిజంగా నాలుగు వారాలు నిలబడు. సబ్‌స్టేషన్ కోసం డిస్కం వాళ్లని, అంటే ఇళ్లకి కరెంటిచ్చే సంస్థని, అడిగేటప్పుడు కాలేజీ లెటర్ చేతిలో ఉండాలి, ముందే రాయించుకో. ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఊరికే వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. పవర్ సిస్టమ్స్, మెషీన్స్ అక్కడ వింటే కాలేజీలో అర్థం కానివి సగం అర్థమవుతాయి.

ఎంటెక్ సీట్లకి పెట్టే గేట్ పరీక్ష రాయాలా వద్దా అనేది కూడా ఈ ఏడాదే తేల్చుకో. మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది, ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలు ఆ స్కోరుతో ఎలక్ట్రికల్ వాళ్లని తీసుకుంటుంటాయి. రాస్తే పూర్తిగా రాయి. ఒక పక్క గేటు, ఒక పక్క గ్రూప్స్, ఇంకో పక్క జావా కోర్సు పెట్టుకున్నవాళ్లకి చివరికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలనిపిస్తే వెళ్లు, అదేం నేరం కాదు, పెద్ద సర్వీస్ కంపెనీలు చాలావరకు అన్ని బ్రాంచిల వాళ్లనీ తీసుకుంటాయి. కానీ అది నీకు నచ్చి వెళ్లాలి, పక్క బెంచీ అమ్మాయికి ఆఫర్ వచ్చిందని కాదు.

ఇక ప్రాజెక్టు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారని నీకు సీనియర్లు చెప్పే ఉంటారు, రిపోర్టు, పీపీటీతో సహా సంచీలో పెట్టి ఇస్తారు. నేను ఇంటర్వ్యూలో అన్నిటికంటే ముందు అడిగేది దాని గురించే. ఈ రెసిస్టర్ ఇక్కడెందుకు పెట్టావు, ఇది పనిచేయనప్పుడు ఏం చేశావు అంటాను. కొన్న ప్రాజెక్టు ఎప్పుడూ చెడిపోదు, అందుకని ఆ రెండో ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబుండదు. నీది చిన్నదైనా సరే, చెరువు గట్టు మీద మోటారుకి ఫేజ్ పోతే ఫోన్‌కి మెసేజ్ పంపే డబ్బా అయినా చాలు, చెడిపోతూ బాగవుతూ ఉండాలి. దాని గురించి పది నిమిషాలు ఇంగ్లీషులో, తప్పులున్నా సరే, ఆగకుండా చెప్పగలగాలి. ఇంగ్లీషు కోసం వేరే క్లాసులక్కర్లేదు, ఈ పది నిమిషాలూ అద్దం ముందు కాకుండా ఒక మనిషి ముందు మాట్లాడు.

బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తాం, లక్షన్నర కట్టండి, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కూడా మేమే చూసుకుంటాం అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్. ఆ డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, దొంగ సర్టిఫికెట్ తర్వాత వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

ఆడపిల్ల ప్లాంటులో నైట్ షిఫ్టులు చేస్తుందా అని బావ ఇప్పటికే అడుగుతున్నాడు. టెస్టింగ్, ప్రొటెక్షన్, డిజైన్, దూరం నుంచే కంప్యూటర్‌తో కనిపెట్టి నడిపే స్కాడా అని ఇందులో నాలుగైదు దారులున్నాయి, నీకు ఏది నచ్చుతుందో చూసుకున్నాక ఆయనతో నేను మాట్లాడతాను. వైండింగ్ షాపు సంగతి మాత్రం ఇప్పుడే ఇంట్లో ఎత్తకు. సెలవులు ఎప్పుడిస్తారో ముందుగా నాకు చెప్పు, షాపాయన నాకు తెలిసినవాడే, అడిగి పెడతాను.

మీ మావయ్య