పెరట్లో ఓక్ చెట్టుంటే

చిరంజీవి వంశీకి, మామయ్య ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. మీ పెరట్లో ఉన్నది కోస్ట్ లైవ్ ఓక్. కాలిఫోర్నియా తీరం వెంబడి ఎవరూ నాటకుండానే పెరిగే చెట్టు, ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకం. పచ్చగా ఉండాల్సింది ఆకులు రాలుస్తోందేమిటని టెన్షన్ పడుతున్నావు. వసంతంలో కొత్త చిగురు వేస్తూ పాత ఆకును వదిలేస్తుంది, అంతే. కొమ్మల చివర్లలో చిగురు కనిపిస్తే నిశ్చింతగా ఉండు.

నాకు భయం వేసింది నీ రెండో మాటకు. చెట్టు కింద అంతా ఊడ్చేసి, లాన్ పరిచి, స్ప్రింక్లర్లు పెట్టిస్తానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఈ చెట్టు పుట్టిన నేలలో వానలు చలికాలంలోనే పడతాయి, వేసవంతా చుక్క ఉండదు. వేళ్ళు దానికే అలవాటు పడ్డాయి. వేసవిలో వెచ్చటి నేల రోజూ తడిగా ఉంటే ఫైటాఫ్తొరా అనే తెగులు కాండం అడుగున బెరడును కుళ్ళబెడుతుంది, ఆర్మిల్లేరియా అనే ఫంగస్ వేళ్ళను తినేస్తుంది. నేల పొడిగా ఉన్నంతకాలం అవి అణిగే ఉంటాయి. ఇందులో మోసం ఏమిటంటే, లోపల ఇంత జరుగుతున్నా చెట్టు కొన్నేళ్ళు బాగానే కనబడుతుంది. తర్వాత ఏదో ఒక గాలివానకు వేళ్ళతో సహా ఒరిగిపోతుంది. అందుకని పాదు చెయ్యకు, కుండీ మొక్కలు కూడా అక్కడ పెట్టకు. మొదలు చుట్టూ పది అడుగుల మేర వేసవిలో నీళ్ళు పడకూడదు. ఏవైనా మొక్కలు కావాలంటే దానికి అవతల, వేసవి నీళ్ళు అడగని అక్కడి నేల మొక్కలే వెయ్యి.

చలికాలపు వానలు సరిగ్గా పడని ఏడాది మాత్రం నీళ్ళు పెట్టాలి. అదీ ఆ చలికాలంలోనే, లేదా వసంతం మొదట్లో. కొమ్మల అంచు కిందా, ఇంకాస్త అవతలా, పైపు సన్నగా వదిలి చాలాసేపు ఉంచు. అడుగు లోతు దాకా తడవాలి. రోజూ పైపైన చల్లితే లాభం లేదు.

రాలిన ఆకుల్ని ఊడ్చి పారేయకు. ఎరువు, దుప్పటి రెండూ అవే. మూడు నాలుగు అంగుళాల మందం సరిపోతుంది, కాండానికి ఆనకుండా చూడు. ఇంటి గోడ పక్కనా, కప్పు మీదా పడ్డవి మాత్రం తీసెయ్యి, అక్కడ నిప్పు భయం ఎక్కువ. పెద్ద చెట్టుకు సంచుల్లో అమ్మే ఎరువులు అక్కర్లేదు.

ఓక్ వేళ్ళు పాతాళానికి పోతాయని చాలామంది అనుకుంటారు. తిండి తెచ్చే వేళ్ళు చాలావరకు పై రెండు మూడు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకి ఉంటాయి. ఆ మేర కారు నిలపకు, మట్టి పోసి ఎత్తు చెయ్యకు, కాలవలు తవ్వనివ్వకు. పైపు వెయ్యక తప్పకపోతే చేత్తో తవ్వించి, పెద్ద వేరు కింది నుంచి దూర్పించు. మొదలు నేలను కలిసే చోట వెడల్పుగా కనబడుతూ ఉండాలి, ఇప్పటికే మట్టి కప్పేసి ఉంటే మెల్లగా తీసెయ్యి. వేళ్ళు దెబ్బతింటే ఆ సంగతి చెట్టులో తేలడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఆ వేళ్ళు నరికి పాటియో (పెరటి అరుగు) కట్టినవాడి పేరు కూడా నీకు గుర్తుండదు.

కొమ్మల విషయానికొస్తే, లోపల శుభ్రం చేసి గాలి ఆడేలా పలచన చేస్తామని ఎవరైనా వస్తే పంపించెయ్యి. లోపలి రెమ్మలు తీసేస్తే బరువంతా చివర్లకు పోయి కొమ్మ విరుగుతుంది, బెరడు ఎండకు మాడుతుంది. ఎండినవి, విరిగినవి, కప్పుకు తగిలేవి తీయిస్తే చాలు. వానలు ఆగి చిగురు ముదిరాక, జులై ఆగస్టుల్లో చేయించు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తు ఉంటుంది, దాన్ని వదిలి కొయ్యాలి. కోసిన చోట పెయింట్ వద్దు. టెక్సాస్‌లో వెంటనే పెయింట్ వెయ్యమంటారు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అసలు కొయ్యొద్దంటారు. అది అక్కడి ఓక్ విల్ట్ తెగులు వల్ల, ఆ సలహా మీ పెరట్లోకి తెచ్చుకోకు.

గొంగళిపురుగులు ఒక్కోసారి చెట్టంతా తినేస్తాయి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ ఆరోగ్యంగా ఉన్న చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. రెమ్మల మీద బుడిపెలూ అంతే, పట్టించుకోకు. కానీ గాయం లేకుండా కాండం నుంచి ఎర్రగా, నల్లగా జిగురు కారితే ఆలస్యం చెయ్యకు. 1990ల నడుమ బయటపడ్డ సడన్ ఓక్ డెత్ అనే తెగులు అలాగే మొదలవుతుంది. పక్కన బే లారెల్ చెట్టుంటే దాని ఆకుల మీదే ఆ తెగులు పెరిగి వానలకు ఓక్ మీదకి వస్తుంది. సర్టిఫికేట్ ఉన్న ఆర్బరిస్ట్‌కి (చెట్ల నిపుణుడికి) చూపించు. దూరం నుంచి తెచ్చిన కట్టెలు కూడా పెరట్లో పేర్చకు, బెరడు కింద తొలిచే పురుగులు వాటితోనే వస్తాయి.

గరాజ్ మీదికి వంగిన పెద్ద కొమ్మ గురించి అడిగావు కదా. కాలిఫోర్నియాలో చాలా ఊళ్ళలో ఓక్ చెట్లకు రక్షణ చట్టాలున్నాయి, కొన్నిచోట్ల పెద్ద కొమ్మ కొట్టడానికి కూడా పర్మిట్ కావాలి. ముందు మీ సిటీ వాళ్ళని అడిగి, వాళ్ళేమన్నారో నాకు రాయి. రంపం సంగతి ఆ తర్వాత.

మీ మామయ్య